మజిలీ లేని రహదారులు

క్యారవాన్ అనే మాట చెవిన పడగానే మనలో చాలామందికి సినిమా షూటింగు కళ్ళ ముందు మెదులుతుంది. షాటుకూ షాటుకూ మధ్య నటీనటులు సేదదీరే చల్లటి బస్సు అది. హైదరాబాదు పాత పేటలు తెలిసినవారికి అదే మాట మరోలా వినిపిస్తుంది. పురానాపూల్ దాటి గోల్కొండ వైపు వెళ్ళే దారిలో కార్వాన్ అని ఒక పేట ఉంది. దూరదేశాల నుంచి ఒంటెల మీదా ఎడ్ల మీదా సరుకు వేసుకుని బిడారులుగా వచ్చిన వర్తకులు గోల్కొండకు చేరేముందు విడిది చేసిన తావు గనక దానికి ఆ పేరు వచ్చింది. ఒంటెలు పోయాయి, బిడారులు పోయాయి, వజ్రాల బేరాలూ పోయాయి. పేరు మాత్రం నిలిచింది. అది నడిచిన బళ్ళకు కాక, అవి ఆగిన నేలకు అంటుకున్న పేరు. ఈవేళ నేను మాట్లాడదలచుకున్నది కూడా ఆ ఆగే నేల గురించే.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ప్రాంతాల్లో ఇప్పుడు లక్షల మంది ఉద్యోగులు బతుకుతున్నారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు చుట్టూ ఎక్కువగా కనిపించినవి రాళ్ళగుట్టలే. పాతికేళ్ళు దాటేసరికి అక్కడ ఒక తరం పిల్లలు పుట్టి పెరిగారు. వాళ్ళ తల్లిదండ్రుల్లో చాలామంది కొన్నాళ్ళు అమెరికాలో పనిచేసి వచ్చినవారు. వంటగది, పడకలు, స్నానాలగది అన్నీ ఉన్న ఆర్‌వీ బళ్ళను అక్కడ చూసినవారు, కొందరు అద్దెకు తీసుకుని కుటుంబంతో తిరిగినవారు. అందుకే ఇక్కడ కూడా అటువంటి బళ్ళు కావాలన్న కోరిక మొదలైంది. అద్దెకిచ్చేవాళ్ళూ వచ్చారు. మధ్యప్రదేశ్ పర్యాటక శాఖ ఇటువంటి బస్సులు నడిపింది, కేరళ 2021లో ఏకంగా ఒక విధానమే ప్రకటించింది. ఈ సంగతి మీద మన దగ్గర జరిగే మాటలన్నీ బండి చుట్టూ తిరుగుతాయి. బండి ఖరీదెంత, లోపల ఎందరు పడుకోవచ్చు, ఏసీ ఎంతసేపు పనిచేస్తుంది అని. నా వాదం వేరు. మన కుటుంబాలకు కొరతగా ఉన్నది బండి కాదు, మజిలీ. దారి పక్కన నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి, దీపం, రాత్రి మూసే గేటు, ఒక కాపలాదారు ఉన్న ఖాళీ జాగా. అది ఉంటే మామూలు కారులో వచ్చినవాళ్ళు కూడా గుడారం వేసుకుని హాయిగా రాత్రి గడుపుతారు. అది లేనినాడు ఎంత ఖరీదైన క్యారవాన్ అయినా పెట్రోలు బంకు పక్కన తెల్లవార్లూ ఇంజను ఆడించుకుంటూ నిలబడాల్సిన బస్సే.

అమెరికాలో ఈ అలవాటు ఎలా బలపడిందో చూస్తే సంగతి తేటపడుతుంది. 1962లో సియాటిల్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దాన్ని చూడటానికి దేశం నలుమూలల నుంచీ కుటుంబాలు కార్లలో బయలుదేరాయి. మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్ ఊరి మీదుగా పోతూ రాత్రిపూట ఎక్కడ పడితే అక్కడ ఆగుతున్నాయి. డేవ్ డ్రమ్ అనే స్థానిక వ్యాపారి అది గమనించి, ఎల్లోస్టోన్ నది ఒడ్డున ఉన్న తన జాగాలో వాళ్ళకు చోటిచ్చాడు. వేణ్ణీళ్ళ స్నానం, మరుగుదొడ్డి, కూర్చుని తినడానికి ఒక బల్ల, చిన్న దుకాణం, అంతే. రాత్రికి ఒకటిముప్పావు డాలరు. ఈనాడు కేఓఏ పేరుతో ఉత్తర అమెరికా అంతటా అయిదు వందలకు పైగా ఉన్న విడుదుల వరసకు మొదలు అదే. అప్పుడు అక్కడికి వచ్చినవాళ్ళలో చాలామందివి మామూలు కార్లు, మామూలు గుడారాలు. ముందు దారిన పోయే కుటుంబాల అవసరం కనిపించింది, దాని వెంట జాగా వచ్చింది. బళ్ళు పెద్దవవడం, వాటిలో సౌకర్యాలు పెరగడం జరుగుతూ వచ్చాయి. మనం ఆ వరసను తలకిందులు చేసి బండితో మొదలుపెడుతున్నాం.

అయితే దీనికోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి పెద్ద దూరం లేదు, షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఒకటి ఉంది. గోల్కొండకు వచ్చిపోయే బాటసారుల కోసం, వర్తకుల కోసం కట్టింది. వరుసగా గదులు, పశువులు కట్టేయడానికి చోటు, పక్కన మసీదు. ఆనాటి రాజ్యానికి రహదారి అంటే బాట ఒక్కటే కాదని ఆ కట్టడం సాక్ష్యం చెబుతుంది. బాటతో పాటు ఆగే చోటు కూడా రాజ్యం బాధ్యతే. తరవాత రైలు వచ్చింది. రైలు దిగినవాళ్ళు ఎక్కడ తల దాచుకోవాలన్న ప్రశ్న వచ్చింది. ఏడో నిజాం కాలంలో నాంపల్లి స్టేషన్ దగ్గర సరాయి లేచింది. బిడారుల దారికి షేక్‌పేట సరాయి, రైలు దారికి నాంపల్లి సరాయి. మరి కారు దారికి? నగరం చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు వేసుకున్నాం. ఎనిమిది వరసల దారి, దీపాలు, టోలు గేట్లు. దాని మీదుగా బీజాపూర్ దారికీ, శ్రీశైలం దారికీ, వరంగల్ దారికీ, నాగపూర్ దారికీ నిమిషాల్లో మళ్ళిపోతాం. ఆ దారుల్లో తినడానికి పెద్ద పెద్ద హోటళ్ళున్నాయి. నిద్రపోవడానికి, పిల్లలు పరిగెత్తడానికి, ముసలివాళ్ళు కాళ్ళు చాపుకోవడానికి మాత్రం చోటు లేదు. దారి పొడుగునా వేగానికి ఏర్పాట్లు చేసి, విశ్రాంతిని ఎవరి తిప్పలు వాళ్ళు పడమని వదిలేశాం.

మజిలీ అన్న మాట మన భాషలో ఎంత లోతుగా పాతుకుందో గుర్తు చేసుకోవాలి. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథలు తెలియని పాతతరం ఇల్లు ఉండదు. కాశీకి పోయే యతి, తోడు వచ్చిన పశువులకాపరికి మజిలీకొక కథ చెప్పాలన్నది ఒప్పందం. కథ నడిచేటప్పుడు పుట్టదు, ఆగినప్పుడు పుడుతుంది. వంట పూర్తయి, తిని, చెట్టు కింద కూర్చున్నాక పుడుతుంది. ఇది కల్పన అనుకుంటే, నిజంగా నడిచిన యాత్ర ఒకటుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న ఇంటికి చేరాడు. వెంట తల్లి, భార్య, పరివారం, బోయీలు, మొత్తం వందమంది దాకా. డేరాలు మోసుకుని వెళ్ళారు. పదిహేను నెలల పాటు దారి పక్కన బతికిన ఆ పెద్ద కుటుంబం గురించి ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రలో ప్రతి మజిలీకీ ఒక లెక్క ఉంటుంది. ఈ ఊళ్ళో నీళ్ళు బాగున్నాయా, అంగళ్ళున్నాయా, సామాను దొరుకుతుందా, చావడి ఉందా, నీడ ఉందా, దారి ఎలాంటిది. పల్లకీ ఎంత గొప్పదన్నది ఆయనకు ముఖ్యం కాదు. ప్రయాణం సుఖంగా సాగుతుందా లేదా అన్నది దిగిన చోటే తేలుతుందని ఆయనకు తెలుసు. ఇరవయ్యొకటో శతాబ్దంలో దారి పక్క విడిది పెట్టేవాళ్ళకు ఇంతకంటే మంచి నమూనా పట్టిక నాకు తోచదు.

ఇప్పుడు ఒక్క దారిని దగ్గరగా చూద్దాం. గచ్చిబౌలి నుంచి అప్పా జంక్షన్ చేరి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే మొయినాబాద్, చేవెళ్ళ, మన్నెగూడ వస్తాయి. అప్పా నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్లు. ఆ దారికి రెండు పక్కలా నిజాం కాలం నాటి మర్రిచెట్లు దాదాపు తొమ్మిది వందలు ఉన్నాయని లెక్కగట్టారు. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టేయకూడదని నగరంలోని వృక్షప్రేమికులు ఏళ్ళ తరబడి పోరాడారు, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఆ పోరాటం జరుగుతున్నప్పుడు ఎక్కువగా వినిపించినవి ఆక్సిజన్, పక్షులు, వారసత్వం అనే మాటలు. అవన్నీ నిజమే. కానీ ఆ చెట్లను నాటినవాళ్ళ ఉద్దేశం ఇంకా సూటిగా ఉంది. బాటసారి వాటి కింద ఆగాలి. ఎడ్లు విప్పి, మూట దించి, ఆగాలి. కారు వేగంతో పోయేవాడికి మర్రిచెట్టు దారికి అడ్డం. ఆగేవాడికి అదే ఇల్లు. మనం ఆగడం మరిచిపోయాం గనకే ఆ చెట్లు మనకు అడ్డంగా కనిపించడం మొదలైంది. వాటి పక్కన రెండు మూడు చోట్ల కుటుంబాలు రాత్రి ఉండే విడుదులు ఉండి ఉంటే, ఆ చెట్లకు అంతకంటే గట్టి వకాలతు ఉండేది కాదు.

అదే దారిలో ముందుకు పోతే చూడదగ్గవెన్నో. మొదట్లోనే చిలుకూరు బాలాజీ గుడి, దాని దగ్గరే మృగవని జాతీయ ఉద్యానం. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలు, అనంత పద్మనాభస్వామి గుడి. హైటెక్ సిటీ నుంచి 70, 80 కిలోమీటర్లలోపే. ఆ కొండల్లోనే మూసీనది పుడుతుంది. ఆ నీళ్ళే కిందికి దిగి గండిపేట చెరువుకు చేరతాయి. 1908 వరదలో మూసీ నగరాన్ని ముంచెత్తాక, మళ్ళీ అటువంటి ప్రళయం రాకుండా ఆ చెరువును కట్టారు, 1920లో పూర్తయింది. కోకాపేట ఎత్తైన అంతస్తుల నుంచి రోజూ ఆ చెరువును చూస్తూ పెరిగే పిల్లలకు ఆ నీరు ఎక్కడ పుట్టిందో చూపించే ప్రయాణం కంటే మంచి పాఠం ఏముంటుంది? ఇంకొంచెం వెళితే కోటిపల్లి జలాశయం, ఆపైన తాండూరు. నాపరాయి గనులు, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కంది. ఆ దారి బీదరు కోటకు కూడా మళ్ళుతుంది. ఇవన్నీ ఒక్క పూటలో చూసి వెనక్కి రావాలనుకోవడం వల్లే శనివారం తెల్లవారుజామున హడావుడిగా బయలుదేరి, అనంతగిరిలో కార్ల వరసలో నిలబడి, నాలుగు ఫొటోలు దిగి, చీకటి పడేసరికి మళ్ళీ ట్రాఫిక్కులో ఇరుక్కుని ఇల్లు చేరుతున్నారు. ఒక రాత్రి అక్కడ ఉండగలిగితే ఈ చిట్టా అంతా మారిపోతుంది. సాయంత్రం నాలుగు తరవాత, పొద్దున్నే తొమ్మిది లోపు ఆ కొండలు ఎంత బాగుంటాయో అప్పుడు తెలుస్తుంది. పగటిపూట వచ్చి పోయేవాళ్ళకు దొరికేది మిట్టమధ్యాహ్నమే.

శ్రీశైలం దారిది ఇంకో రకం ఇబ్బంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే ఆ రోడ్డును మన్ననూరు దగ్గర రాత్రి 9 గంటలకు మూసేసి ఉదయం 6 గంటలకు తెరుస్తారు. అడవి జంతువుల కోసం పెట్టిన మంచి నియమం అది, ఉండాల్సిందే. కానీ ఆ గేటు మూతపడే లోపు దాటాలని కార్లు ఆత్రంగా పరిగెడతాయి. దాటలేకపోయిన కుటుంబాలకు గేటు ఇవతల తగిన బస లేకపోవడమే ఆ ఆత్రానికి కారణం. వరంగల్ దారిలో రామప్ప ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సైబరాబాద్ నుంచి పోవడానికి నాలుగైదు గంటలు, రావడానికి నాలుగైదు గంటలు. ఆ నల్లరాతి మదనికల ముందు నిలబడే సమయం గంట కూడా మిగలదు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది తరచుగా వినబడేది. ఈ గుడారాలు, బయట పడుకోవడాలు తెల్లవాళ్ళ అలవాట్లు, మన కుటుంబాలకు పడవు అంటారు. దీన్ని ఒప్పుకోవడం నా వల్ల కాదు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి మేడారం వెళ్ళి చూడండి. సమ్మక్క సారలమ్మ జాతరకు వచ్చే జనాన్ని కోటికి పైగా అంచనా వేస్తారు. ఒకప్పుడు ఎడ్లబళ్ళ మీద, ఇప్పుడు ట్రాక్టర్లలో, డీసీఎం వ్యాన్లలో, కార్లలో కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. జంపన్న వాగులో స్నానం చేసి, చెట్ల కింద, చేలల్లో గుడారాలు వేసుకుని, మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని వండుకుని రెండు మూడు రోజులు ఉంటాయి. చంటిపిల్లల నుంచి ముత్తవ్వల దాకా అందరూ ఉంటారు. దారి పక్క విడిది చేసే కుటుంబాలు ఇంత పెద్ద సంఖ్యలో ప్రపంచంలో ఇంకెన్ని చోట్ల ఒక్కచోట చేరతాయో నాకు అనుమానమే. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, తెలంగాణ పల్లెల్లో చెట్ల కిందికి పోయి వండుకుని తినడం, ఇవన్నీ ఆ కోవలోవే. ఈ అలవాటు మనకు పరాయిది కాదు. నగరానికి వచ్చాక దానికి జాగా లేకుండా పోయింది. ఐటీ ఉద్యోగి ఇంట్లో ఉన్న అమ్మమ్మకో నాయనమ్మకో ఈ పని మనవడికంటే బాగా తెలుసు. పొయ్యి ఎటు గాలికి పెట్టాలో, రాత్రి ఏ వైపు తల పెట్టి పడుకోవాలో ఆమె చెప్పగలదు.

రెండో అభ్యంతరం భద్రత, ముఖ్యంగా ఆడవాళ్ళ, పిల్లల భద్రత. ఇది తేలిగ్గా తీసిపారేయాల్సిన మాట కాదు. దారి పక్క ఎక్కడ పడితే అక్కడ కారు ఆపి పడుకోవడం ప్రమాదం, వద్దు. కానీ విడిది మైదానం పుట్టిందే ఆ ప్రమాదానికి జవాబుగా. పాత సరాయిల కట్టుబడిని గమనించండి. సాధారణంగా నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆవరణ, లోపలికి ఒకే ద్వారం, పొద్దుగూకాక ఆ తలుపు మూసేస్తారు. దొంగల భయం మనకంటే ఎక్కువున్న కాలంలో, డబ్బూ సరుకూ వెంట ఉన్న వర్తకులు ఆ ఆవరణను నమ్మి నిద్రపోయారు. అదే సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. పేరు రాసుకునే పుస్తకం, ఒకే గేటు, రాత్రంతా వెలిగే దీపాలు, ఒక ఆడమనిషితో సహా ఇద్దరు కాపలాదారులు, దగ్గరి పోలీసుస్టేషన్ నంబరు. అన్నిటికంటే పెద్ద కాపలా, చుట్టూ ఇంకో ఇరవై కుటుంబాలు ఉండటం. కుటుంబాల చోటుగా నిలవాలంటే ఇంకో నియమం కచ్చితంగా కావాలి, నిశ్శబ్దం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు ఎప్పుడో చెప్పాయి. వారాంతపు క్యాంపుల్లో చాలా చోట్ల డీజే మోతే ఆకర్షణగా నడుస్తోంది. యువకుల బృందాలకు అది సరదా కావచ్చు, పసిపిల్లను నిద్రపుచ్చాల్సిన తల్లికి కాదు. ఆ రెండూ ఒకే మైదానంలో కుదరవు.

ఎండల సంగతి ఏమిటి, వానల సంగతి ఏమిటి అని మూడో ప్రశ్న. ఏప్రిల్, మే నెలల్లో గుడారంలో ఉండమని ఎవరూ చెప్పరు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, దక్కను పీఠభూమి రాత్రులు దుప్పటి కప్పుకునేంత చల్లగా, పొడిగా ఉంటాయి. ఏడాదిలో నాలుగు నెలల విడిది కాలం చిన్నదేమీ కాదు. మిగతా నెలల్లో అదే జాగా లారీ డ్రైవర్లకు, తీర్థయాత్రికులకు పగటిపూట విశ్రాంతి చోటుగా ఉంటుంది. నాలుగు స్తంభాల మీద పెంకుల కప్పుతో ఒక పెద్ద చావడి ఉంటే అకాల వానకు అందరూ దాని కిందికి చేరతారు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. ఇదంతా జీతాలు ఎక్కువున్న సాఫ్ట్‌వేర్ కుటుంబాల ముచ్చట, దీనికి ప్రజల భూమి, ప్రజల సొమ్ము ఎందుకు అన్నది. బండితో మొదలుపెడితే ఈ అభ్యంతరం నూటికి నూరు పాళ్ళు నిజమవుతుంది. క్యారవాన్ ఒక రోజు అద్దె చాలా ఇళ్ళ వారం ఖర్చును మించుతుంది. నేలతో మొదలుపెడితే మాత్రం లెక్క తిరగబడుతుంది. ఐటీ కారిడార్ అంటే కోడు రాసేవాళ్ళు మాత్రమే కాదు. అక్కడ క్యాబ్ నడిపేవాళ్ళు, కాంటీన్లలో వండేవాళ్ళు, గేటు దగ్గర నిలబడేవాళ్ళు, అద్దాల గోడలు తుడిచేవాళ్ళు అంతకు తగ్గకుండా ఉన్నారు. వాళ్ళకూ పిల్లలున్నారు, వాళ్ళ పిల్లలకూ రామప్ప చూడాలని ఉంటుంది. రిసార్టులో ఒక రాత్రి వాళ్ళకు అందదు. రెండు మూడు వందల రూపాయలకు చాప పరుచుకునే చోటు, స్నానానికి నీళ్ళు దొరికితే వాళ్ళూ ఆగగలరు. ఫ్రాన్సులో జరిగింది ఇదే. 1936లో అక్కడి కార్మికులకు జీతంతో కూడిన రెండు వారాల సెలవు చట్టబద్ధమైంది. హోటళ్ళకు డబ్బు లేని కుటుంబాలు గుడారాలతో దారి పట్టాయి. ఊళ్ళ పురపాలక సంస్థలే విడిది మైదానాలు ఏర్పాటు చేసి నామమాత్రపు రుసుముతో నడిపాయి, ఈనాటికీ ఎన్నో ఊళ్ళలో నడుపుతున్నాయి. ఒకే మైదానంలో ఒక మూల పెద్ద క్యారవాన్, పక్కన చిన్న గుడారం, ఆ పక్కన సైకిలు. సరాయి కూడా అంతే కదా, వజ్రాల వ్యాపారి పక్క గదిలో ఉప్పు అమ్ముకునేవాడు దిగేవాడు. జాగా అందరిదైనప్పుడే ప్రజల సొమ్ముకు సార్థకత. రిసార్టు కొండను కంచె వేసి కొందరికి అమ్ముతుంది. విడిది మైదానం ఆ కొండ దగ్గరికి అందరినీ చేరుస్తుంది.

భూమి ఎక్కడుంది అంటారు. నగరం అంచున ఎకరం కోట్లు పలుకుతున్న మాట నిజమే. కానీ దీనికి కొత్తగా భూమి కొననక్కర్లేదు, కాంక్రీటు పోయనక్కర్లేదు. రాష్ట్రంలో మండలానికి పదేసి ఎకరాల బృహత్ పల్లె ప్రకృతి వనాలు పెట్టే పని 2021 నుంచి సాగింది. పర్యాటక సంస్థ హరిత హోటళ్ళ చుట్టూ ఖాళీ ఆవరణలున్నాయి. ఇటువంటి చోట్లలో దారికి దగ్గరగా ఉన్నవి ఎంచుకుంటే చాలు. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి, అక్కడ కట్టడాలను అదుపు చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో గురించి వినని హైదరాబాదీ లేడు. దాన్ని ఉంచాలా తీసేయాలా అని ఏళ్ళుగా తగవు. ఆ పల్లెల రైతులకు భవనాలు కట్టకుండానే భూమి మీద ఆదాయం వచ్చే దారి ఏదైనా ఉందా అన్నదే ఆ తగవుకు మూలం. చెట్ల కింద గుడారాలు వేసే మైదానం అటువంటి దారుల్లో ఒకటి. పాలు, కూరగాయలు, జొన్నరొట్టెలు, నాటుకోడి కూర, ఎడ్లబండి మీద పొలం చుట్టూ తిప్పడం, ఇవన్నీ ఊరివాళ్ళకు అమ్మకాలే. అయితే ఒక షరతు గట్టిగా పెట్టాలి. మురుగునీరు ఒక్క చుక్క కూడా చెరువు వైపు పోకూడదు. మరుగుదొడ్ల ట్యాంకులు మూసి ఉండాలి, బండిలో ట్యాంకు ఖాళీ చేయడానికి వేరే గుంత ఉండాలి, రాత్రికి ఇన్ని కుటుంబాలే అని హద్దు ఉండాలి. జాతర తరవాత మేడారంలో మిగిలే ప్లాస్టిక్ కుప్పలు చూసినవాళ్ళు ఈ భయం పెట్టుకోవడంలో తప్పు లేదు. కాపలాదారూ రుసుమూ లేని చోటే చెత్త పేరుకుంటుంది. మనిషి పేరు పుస్తకంలో రాసుకుని, బయలుదేరేటప్పుడు వాళ్ళ సంచి వాళ్ళ చేత తూచి వేయించే చోట అది పేరుకోదు.

బళ్ళకు నేను వ్యతిరేకిని కాను. చట్టం వాటిని మోటారు క్యారవాన్లుగా గుర్తించింది, భద్రతకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. సొంత వ్యాన్‌ను ఇష్టమొచ్చినట్టు మార్చుకుని పడకలు బిగించుకుంటే మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, అది గమనించుకోవాలి. కేరళ విధానం నాకు నచ్చిన కారణం కూడా చెప్పాలి. బండితో పాటే పార్కు ఉండాలని వాళ్ళు ముందే అనుకున్నారు, వాగమన్‌లో మొదటి పార్కు 2022లో తెరిచారు. విద్యుత్ కార్లు పెరుగుతున్న ఈ రోజుల్లో మైదానంలో ప్రతి చోటుకీ ఒక ప్లగ్గు ఉంటే, రాత్రంతా నిదానంగా చార్జింగు ఎక్కుతుంది, మనుషులకూ కారుకూ ఒకేసారి విశ్రాంతి. జాతీయ రహదారుల సంస్థ 40 నుంచి 60 కిలోమీటర్లకొక సదుపాయ కేంద్రం ఉండాలని సంకల్పించింది. లారీ డ్రైవర్ల కోసం అప్నా ఘర్ పేరుతో బంకుల దగ్గర పడకలు, స్నానాల ఏర్పాటు మొదలైంది. మంచి పని అది, ఎప్పుడో జరగాల్సింది. ఆ వరసలోనే కుటుంబాలకూ చోటు చూడాలి.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారి ఇల్లు బాటసారులకు అన్నం పెట్టిన ఇల్లు. వేళ కాని వేళ రేవు దాటి వచ్చినవాళ్ళను ఆవిడ ఏ బండిలో వచ్చారని అడగలేదు. ఇవాళ మన రేవులు టోలు గేట్లు. మొదలుపెట్టడానికి మన్నెగూడ దగ్గర ఒక రెండెకరాలు చాలు. ఉన్న మర్రిచెట్లను అలాగే ఉంచి, వాటి మధ్య ఇరవై కుటుంబాలకు చోట్లు గీసి, రెండు వైపులా కుళాయిలు, ఆడవాళ్ళకు విడిగా నాలుగు స్నానాలగదులు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఎత్తు పీటల మరుగుదొడ్లు, నడుమ ఒక చావడి. ఈ కార్తీకంలోనే చేవెళ్ళ, వికారాబాద్ చుట్టుపక్కల పంచాయతీల్లో ఏదైనా ఒకటి ముందుకు వస్తే, శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలిలో ఆఫీసు వదిలిన కుటుంబం రాత్రి ఎనిమిదింటికల్లా ఆ గేటు లోపల ఉంటుంది. అమ్మమ్మ పొయ్యి వెలిగిస్తుంది. పిల్లలు ఊడల మధ్య దాగుడుమూతలు ఆడతారు. పొద్దున్నే మూసీ పుట్టిన చోటు చూడటానికి వెళతారు.